తరుగు

మిర్చి యార్డులో కాటా గుమాస్తాని.
బస్తా ఎక్కుతుంది, ఎర్ర అంకె వణికి నిలుస్తుంది,
తేమకింత, తాలుకింత, గోతానికింత
తరుగు కొట్టేసి
మిగిలింది చీటీ మీద రాస్తాను.

"మా తరుగు ఎటు పోద్దయ్యా?" అని
మాచర్ల వైపు రైతొకాయన ఏటా అడుగుతాడు.
పెన్ను చెవి మీద పెట్టుకుని
తర్వాతి బస్తా అంటాను.

నన్ను కోసి పద్నాలుగు నెలలు.
కొత్తపేట ఆసుపత్రిలో
పొట్టని అరటికాయంత మిగిల్చి కుట్టారు.
డాక్టరమ్మ కాయితం మీద బొమ్మ గీసింది.
నాకది బెండకాయలా కనబడింది.

అప్పుడు నూట నలభై రెండు. ఇప్పుడు తొంభై ఎనిమిది.
ఆసుపత్రి కాటా మీద నాకు నమ్మకం చాలదు.
ఒక రాత్రి లారీలు వెళ్ళాక
మా కాటానే ఎక్కాను.
హమాలీ అంకారావు బీడీ పారేసి వచ్చి
నా పక్కన టిక్కీ ఒకటి దించాడు.
నేనూ అదీ కలిస్తే పాత నేను.
అంకెని చూసి, నన్ను చూసి,
"ఇంత బరువు ఇన్నేళ్ళు మోశారా సారూ,
కూలి లేకుండా?" అన్నాడు.

బాగున్నావా అని అడుగుతారు. బాగున్నాను.
వంగి చెప్పుల పట్టీ నేనే పెట్టుకుంటున్నాను.
మూడొంతెనల మీదుగా గుడికి నడిచే పోతున్నాను.
షేరాటోలో నా పక్కన ఇంకో మనిషి కూర్చుంటున్నాడు.
మొదటిసారి ఆ భుజం తగిలినప్పుడు
అలవాటుగా సారీ చెప్పాను.

బాగోలేనివి ఎవరూ అడగరు.
దువ్వెన నిండా వెంట్రుకలు.
మే నెలలో, గుంటూరు మే నెలలో,
ఫ్యాను కట్టెయ్యమంటే మనవరాలు పడీ పడీ నవ్వింది.
చేతుల కింద తోలు వేలాడుద్ది,
సరుకు దింపిన గోతాన్ని
ఎవరో మడత పెట్టడం మర్చిపోయినట్టు.
పెళ్ళి ఉంగరానికి దారం చుట్టాను.
యార్డులో చెవులు కొరుక్కుంటారు:
షుగరంట, కాదులే, ఇంకా పెద్ద జబ్బేనంట.
నన్ను బస్తా అని పిలిచిన నోళ్ళే అవి.

ఆకలి పోయింది. ఆశ పోలేదు.
అది కత్తికి అందని చోట ఎక్కడో ఉంటుంది.
సాయంత్రం బజ్జీల బండి దగ్గర
నూనె చప్పుడు వింటూ నిలబడి
వాము వాసన పీల్చుకుని
డబ్బులివ్వకుండా వచ్చేస్తాను, దొంగలాగా.
మేనల్లుడి పెళ్ళిలో సగం పూతరేకు తిన్నాను.
చెమటలు పోసి, గుండె దడదడలాడి,
వంటవాళ్ళ బెంచీ మీద గంటసేపు పడుకున్నాను.
గుండిగలు తోమే కుర్రాడు
అట్టముక్కతో విసిరాడు, ఏమీ అడక్కుండా.

నెలకో ఆదివారం ప్రభువు బల్ల.
గోరంత రొట్టె, గుక్కెడైనా లేని ద్రాక్షరసం.
ఆ మోకాళ్ళ వరుసలో
ఎవరి వంతూ నా వంతు కంటే పెద్దది కాదు.

ఇక సులోచన.
ముప్పై ఒక్క ఏళ్ళు నాకు వడ్డించి
తర్వాతెప్పుడో తినేది.
నాలుగు ముద్దలకి నాకిప్పుడు అరగంట,
నమిలి నమిలి, మంచినీళ్ళు ముట్టకుండా,
గడియారం చూసుకుంటూ.
ఎంతసేపని నిలబడుద్ది?
ఓ రోజు పీట లాక్కుని తనూ కూర్చుంది.

అప్పుడు చూశాను, ఆమె అన్నం తినడం.
గిన్నె అంచు గీకిన మాడు మెతుకులు ముందు.
కూర ముక్కలు కంచం పక్కకి నెడుతుంది,
నాకోసమే, అలవాటు చావక.
గోంగూరలో పచ్చి ఉల్లిపాయ నంజుకున్నప్పుడు
ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటుంది.
అది ఇష్టమని నాకు తెలీదు.

చెయ్యి ఆగిపోయింది.
ఊరందరి లెక్కలూ రాసినవాణ్ణి,
మా ఇంటి తరుగు
ఎవరి బస్తాలోంచి పోయిందో
ఏ చీటీలోనూ రాయలేదు.

ముక్కని ఆమె కంచంలోకి నెట్టాను.
తిరిగి నెట్టింది.
"మూడో ముద్దకే ఆగిపోయారేంది," అంది,
"చల్లారిపోద్ది, తినండి."